చివరి వరుస వెనక

మీ ఊరెక్కడండీ అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ తప్పేమీ లేదు. జవాబు నా దగ్గర లేకపోవడమే నా మంట. రాజమండ్రిలో ఒక బడిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ సాంఘికశాస్త్రం చెప్పాను. ఆఫ్రికా ఖండాన్ని పుస్తకం చూడకుండా నల్లబల్ల మీద గీసేదాన్ని. నేను పుట్టిన చోటును మాత్రం ఇవాళ్టికీ పటం మీద వేలుపెట్టి చూపించలేను. ఫోన్‌లో చూస్తే గౌతమి యానాం దగ్గరికి వచ్చేసరికి బాగా వెడల్పయి కనిపిస్తుంది. మధ్యలో ఒకటి రెండు ఇసుక తిప్పలుంటాయి. మిగిలినదంతా నీలం రంగు. ఆ నీలంలో ఎక్కడో మా లంక ఉండేది.

కిందటి ఎండాకాలంలో ఒక సాయంత్రం అమ్మ ఆ ఫోన్ నా చేతిలోంచి లాక్కుని ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసింది. అమ్మకు చూపు తగ్గిపోతోంది. నీటికాసులని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమని డాక్టరుగారు అన్నారు.

"ఇందులో మన ఊరేదే?" అంది.

"లేదమ్మా. అంతా నీళ్ళే."

"నీళ్ళని నాకూ తెలుసు. ఏ నీళ్ళు అని అడుగుతున్నాను."

అమ్మ కాసేపు తెర మీద వేలితో రుద్దింది. ఎక్కడ రుద్దిందో అక్కడ పటం పక్కకి జరిగిపోయి కాకినాడ వచ్చింది. విసుగొచ్చి ఫోన్ నా ఒళ్ళో పడేసింది.

"కళ్ళు కాస్త కనబడుతున్నప్పుడే ఒక్కసారి తీసుకెళ్ళవే. పిల్లకి పాలు పోసొస్తాను."

పిల్ల అంటే మా అక్క. నేను పుట్టకముందే, మూడు నెలల పసిబిడ్డగా ఉన్నప్పుడే పోయింది. మాలో అంత పసివాళ్ళను దహనం చెయ్యరు, పూడుస్తారు. మా అక్కను లంకలో పూడ్చారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు లంకే ఏట్లో కలిసిపోయింది. ఇప్పుడు అమ్మను పడవెక్కించి తీసుకెళ్ళడం కష్టం కాదు. తీసుకెళ్ళి ఎక్కడ ఆపాలన్నదే నాకు తెలియలేదు. నా అయోమయం అక్కడ మొదలైంది, పూర్తిగా ఇంకా వదల్లేదు.

ముందు ఆ లంక సంగతి చెప్పాలి. దానికి ఒక పక్క పెద్దేరు, ఇంకో పక్క చిన్నపాయ. పెద్దేటికి అవతల యానాం. చిన్నపాయకి ఇవతల కోనసీమ. మాకు తూర్పు పడమర అనే మాటలు పెళ్ళిళ్ళప్పుడు పంతులుగారి నోట వినడమే. మిగతా రోజుల్లో ఎగువ, దిగువ, పెద్దేటి వైపు, పాయ వైపు, అంతే. బడిలో మొదటిసారి మాస్టారు ఉత్తరం ఎటు అని అడిగితే, ఏరు ఎటు ఉందండీ అని అడిగాను. పిల్లలంతా నవ్వారు. ఆ ప్రశ్నలో తప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఏరు మేటవేసి నేల పైకి లేచాక, రెల్లు మొలిచాక, మా తాతల నాటివాళ్ళెవరో కొడవళ్ళు పట్టుకుని వెళ్ళి ఆ రెల్లు నరికి దోసపాదులు పెట్టారట. తర్వాత మిరప, తర్వాత పొగాకు. పాదులకు కాపలా కోసం వేసిన పాకలే చివరికి ఊరయ్యాయి. అప్పట్లో ఇవతలి ఒడ్డు ఇంగ్లీషువాళ్ళది, అవతలి ఒడ్డు ఫ్రెంచివాళ్ళది. నడిమధ్యనున్న మా లంక ఎవరిదన్నది ఎవరికీ సరిగ్గా తెలియదు. శిస్తు అడగడానికి వచ్చినవాళ్ళకి మావాళ్ళు అవతలివాళ్ళమని చెప్పేవారట. అవతలివాళ్ళు వస్తే ఇవతలివాళ్ళమనేవారు. ఈ తెలివితేటలు మా వంశంలో తర్వాత ఎవరికీ రాలేదు.

మా నాయనమ్మ తన పెళ్ళి సంగతి గొప్పగా చెప్పుకునేది. "పడవెక్కి పరాయిదేశం వెళ్ళి పెళ్ళి చేసుకున్నానే నేను" అనేది. పసిపిల్లలకు పెళ్ళి చెయ్యకూడదని ఇంగ్లీషువాళ్ళ వైపు చట్టం వస్తే, జనం పడవలు కట్టుకుని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసుకొచ్చేవారు. నాయనమ్మదీ ఆ పెళ్ళే. తాళి కట్టేటప్పుడు నిద్రపోతోందట. పరాయిదేశంలో ఏం చూశావు నాయనమ్మా అంటే, బూందీ లడ్డు పెట్టారని చెప్పేది.

సరిహద్దు గురించి ఇంతకు మించి తెలిసినవాళ్ళు మా ఇంట్లో లేరు. నాన్న తమ్ముడు, అంటే మా బాబాయి, లంకలో ఒక సరిహద్దు రాయి ఉండేదని, దానిమీద పరాయి అక్షరాలుండేవని, ఊరు జరిగినప్పుడల్లా మనవాళ్ళు ఆ రాయిని కూడా మోసుకెళ్ళి కొత్త చోట పాతేవారని ఒట్టేసి చెబుతాడు. అమ్మ అయితే అది బట్టలుతుక్కునే రాయి అంటుంది. దానిమీద అక్షరాలు కాదు, నాచు ఉండేదంటుంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే జాతి ఇద్దరూ. నాకు ఆ రాయి గుర్తే లేదు.

ఊరు జరిగినప్పుడల్లా అన్నాను. ఇది అర్థమైతేనే మిగతాది అర్థమవుతుంది. ఏరు మా లంకను పెద్దేటి వైపు కోసేది, పాయ వైపు మేట వేసేది. ఊరు మూడు వరుసలు. అన్ని గుమ్మాలూ పెద్దేటి వైపే చూసేవి. ఒడ్డు కోసుకుంటూ ముందు వరుస గుమ్మాల దగ్గరికి వచ్చిందంటే పెద్దలు కూర్చుని మాట్లాడుకునేవారు. ఒక మంచిరోజు చూసి ముందు వరుస మొత్తం లేచేది. మగవాళ్ళు పాక కప్పును నాలుగు మూలలా ఎత్తి పట్టుకుని అలాగే నడిచి వెళ్ళేవారు. దూలాలు, తడికలు, ద్వారబంధాలు అన్నీ భుజాల మీదే. వెళ్ళి చివరి వరుస వెనక, కొత్తగా మేటవేసిన నేల మీద దిగేవారు. అదివరకు ఎవరి పక్కన ఎవరుండేవారో అక్కడా అదే క్రమం. ఎవరి వాటా ఎక్కడన్న తగువు రాకుండా అది మావాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. ఆ రోజు మిగతా రెండు వరుసలవాళ్ళూ వంట చేసి లేచినవాళ్ళకి అన్నం పెట్టాలి. కొత్త చోట పాలు పొంగించేదాకా లేచినవాళ్ళు పొయ్యి ముట్టించకూడదు.

అలా నిన్నటి ముందు వరుస ఇవాళ చివరి వరుస అయిపోయేది. రెండో వరుస ముందుకొచ్చేది. ఇంకొన్నేళ్ళకి అదీ లేచేది. ఊరు అలా పాయ వైపు నడుచుకుంటూ పోయి, చివరికి మేట పడడం ఆగాక తలో దిక్కూ చెదిరిపోయింది. నేను పుట్టిన నేల మీద నాకు అయిదారేళ్ళు వచ్చేదాకానే మా ఇల్లు ఉంది అని ఒకరంటారు, కాదు పదేళ్ళు ఉందని ఇంకొకరంటారు. ఊరే నడుస్తుంటే ఎవరి లెక్క నమ్మాలి?

మా అక్క పోయింది శ్రావణమాసం వరదల్లో. లంక దాదాపు అంతా మునిగిందట. అందరూ అటకల మీద, పడవల్లో ఉన్నారు. అమ్మకి, బిడ్డకి ఇద్దరికీ జ్వరం. ఆసుపత్రి యానాంలో ఉంది. పెద్దేరు దాటించడానికి ఏ పడవవాడూ సాహసించలేదు. తెల్లారేసరికి బిడ్డ లేదు. మామూలుగా పూడ్చే చోటు లంకకు దిగువ కొసలో ఉండేది, అది నీళ్ళలో ఉంది. ఊళ్ళో నీళ్ళెక్కని ఎత్తు ఒక్కటే, చివరి వరుస వెనక. నాన్న, అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాని బాబాయి, ఇద్దరే వెళ్ళి అక్కడ పెట్టి వచ్చారు. ఆడవాళ్ళు వెళ్ళకూడదని అమ్మని పంపలేదు. వరద తీశాక మా తాతయ్య వచ్చి జ్వరంతో ఉన్న అమ్మను పుట్టింటికి తీసుకెళ్ళిపోయాడు. పడవెక్కుతుంటే అమ్మ నాన్నను అడిగిందట, ఎక్కడ పెట్టారని. "చివరి వరుస వెనక, ఎత్తు మీద" అన్నాడు నాన్న. ఈ విషయం గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది ఆ ఒక్కసారే.

అమ్మ తిరిగి వచ్చేసరికి ఉగాది దగ్గరపడింది. అప్పటికి మా ఇల్లు కొత్త చోట, ఊరికి చివరి వరుసలో ఉంది. ఇంటి వెనక రెల్లు, చిన్న దిబ్బ ఉన్నాయి. చివరి వరుస వెనక అంటే ఇదే అనుకుంది. ఏటా శ్రావణంలో ఒక పొద్దున గ్లాసుతో పాలు తీసుకెళ్ళి ఆ దిబ్బ దగ్గర పోసేది. చీమలకి పోస్తుందనుకునేదాన్ని నేను.

తర్వాత ఇంకో వరుస లేచి మా వెనక దిగింది. సరిగ్గా మా వెనక పడిన ఇల్లు ఒక పెద్దమ్మది. చుట్టరికం లేదు, వరసకి పెద్దమ్మ అనేవాళ్ళం. ఆ రోజు నుంచి అమ్మ ఆ ఇంటి గడప తొక్కలేదు. పేరంటానికి పిలిచినా, పాప పుట్టి బారసాల చేసినా, నన్ను పంపేది, తను రాదు. మా పెరటి గుమ్మంలో నిలబడి అక్కడి నుంచే కేకేసి నన్ను పిలిచేది. ఏదో కోళ్ళ తగువు ఉండి ఉంటుందని నేను తీర్మానించుకున్నాను. అంతటితో ఊరుకోకుండా, మా కోడిని వాళ్ళు వండుకు తిన్నారని బళ్ళో ప్రచారం కూడా చేశాను. నిజం అమ్మ నాకు కిందటి ఎండాకాలంలోనే చెప్పింది.

"దాని తప్పేం లేదే. దానికి తెలీదు. కానీ ఆ ఇంట్లో ఎక్కడ కాలు పెడితే ఏమవుతుందో అని నాకు భయం. పొయ్యి ఎక్కడ పెట్టుకుందో, రోలు ఎక్కడ వేసుకుందో అని రాత్రిళ్ళు ఆలోచిస్తూ పడుకునేదాన్ని."

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉంటూ, ఈవిడ మనసులో ఏముందో ఎరక్కుండా కోళ్ళ కథ అల్లుకున్నందుకు నామీద నాకే కోపం వచ్చింది. కోపం వస్తే నేను పని పెట్టుకుంటాను. అడగడానికి నాన్న లేడు కాబట్టి, వెంటనే భీమవరంలో ఉన్న బాబాయికి ఫోన్ చేశాను. కొడుకు అక్కడ రొయ్యల మేత వ్యాపారం చేస్తాడు, ఆయన వాడి దగ్గరే ఉంటాడు. బాబాయి నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. లంక పేరెత్తగానే అందుకున్నాడు. సరిహద్దు రాయి ఎంత బరువుండేదో, దాన్ని మోసినప్పుడు ఎవరి బొటనవేలు నలిగిందో అన్నీ చెప్పాడు.

"అది సరే బాబాయ్. అక్కని పెట్టిన చోటు ఎక్కడో గుర్తుందా?"

"ఆఁ? సిగ్నల్ సరిగ్గా లేదమ్మాయ్."

"ఇప్పటిదాకా బాగానే వినబడిందిగా."

"మేత లారీ వచ్చిందే. మళ్ళీ చేస్తాను."

మళ్ళీ చెయ్యలేదు. నేను చేస్తే తియ్యలేదు. నాకు ఇంకా అయోమయం ఎక్కువైంది. ఈయన మరిచిపోయాడా, లేక చెప్పడం ఇష్టం లేదా? మరిచిపోతే మరిచిపోయానని చెప్పడానికేం?

ఇక మిగిలింది పెద్దమ్మ. ఆవిడ రావులపాలెంలో కూతురి ఇంట్లో ఉంటోంది. అమ్మకి గుడికని చెప్పి బస్సెక్కాను. అరటి మార్కెట్‌కి దగ్గర్లోనే ఇల్లు. వసారా నిండా గెలలు. పెద్దమ్మ నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది, పట్టాక వదల్లేదు. మాటమాటకీ బుగ్గలు నొక్కింది. నాకు మనవలున్నారన్న సంగతి ఆవిడ లెక్కలో లేదు.

"మీ అమ్మ బాగుందా? మా ఇంటికి ఎందుకు రాదే మీ అమ్మ? నేనేం పాపం చేశానని? ముసలిదాన్నయిపోయాను, ఇప్పుడైనా చెప్పవే."

మీ ఇంటి కింద మా అక్క ఉందని చెప్పనా? మాట మార్చి, మన ఊళ్ళో ఏ వరుస ఎప్పుడు లేచిందో కాస్త చెప్పు పెద్దమ్మా, నాకు తికమకగా ఉందన్నాను. ఆవిడ నవ్వి, గెలలోంచి ఒక అత్తం లాక్కుని అరటిపళ్ళు తుంచి గచ్చు మీద మూడు వరుసలుగా పేర్చింది.

"ఇదుగో పెద్దేరు ఇటు. ఇది ముందు వరుస, ఇందులో ఇది మీ ఇల్లు. మధ్యలో మాది. చివరిది మునసబుగారి వరుస. మీ అక్క పోయిన వరదప్పుడు ఇలా ఉండేవాళ్ళం. ఒడ్డు విరిగి మీ గుమ్మం దాకా వచ్చేసింది. దసరా వెళ్ళాక మీ వరుస లేచింది."

అంటూ ముందు వరుస పళ్ళు ఒక్కొక్కటే తీసి మునసబుగారి వరుస వెనక పెట్టింది. మా ఇల్లు అన్న పండు కూడా అక్కడ దిగింది. నేను దానివంకే చూస్తూ ఉండిపోయాను.

"అక్క పోయినప్పుడు చివరి వరుస మునసబుగారిదా?"

"మరి? మీరు ముందు ఉండేవారని చెబుతున్నాగా."

నాన్న చివరి వరుస వెనక అన్నది వరద తీసిన కొత్తల్లో. అప్పటికి మా వరుస ఇంకా లేవలేదు. అంటే అక్కని పెట్టింది మునసబుగారి వరుస వెనక. ఆ తర్వాత ఆ చోట దిగింది మేమే. అమ్మ ఏళ్ళ తరబడి పాలు పోసిన దిబ్బ కింద ఏమీ లేదు. ఈ పెద్దమ్మ ఇంటి కిందా ఏమీ లేదు. ఉంటే మా ఇంటి కింద ఉండాలి. నేను పుట్టిన ఇల్లు, పాకిన ఇల్లు. చదువుకున్నదాన్ని, పటాలు చెప్పినదాన్ని, ఇంత చిన్న సంగతి నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. లంకలో బతికిన అమ్మకీ తట్టలేదు. తను ఊళ్ళో లేని నెలల్లో ఊరు జరిగిందన్నది అమ్మకి తెలుసు. కానీ చివరి వరుస అంటే కళ్ళముందున్న చివరి వరుసే అనుకుంది. మా ఊళ్ళో ఎవరైనా అలాగే అనుకుంటారు.

"అలా చూస్తావేంటి, తిను. అది మీ ఇల్లే" అని పెద్దమ్మ ఆ పండు వొలిచి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని చేతిలో పట్టుకునే లేచాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా బుర్ర ఒక చోట నిలవలేదు. అమ్మకి చెప్పాలా? చెబితే, బిడ్డ మీద ఇల్లు కట్టుకుని కాపురం చేశామని కుమిలిపోదా? ఆ ఇంట్లో జరిగిన ప్రతి చెడ్డకీ ఇదే కారణమంటుంది, నాన్న వేసిన పొగాకు చేను తెగులు పట్టిపోవడంతో సహా. చెప్పకపోతే, ఎవరి ఇంటి కిందో ఉందనుకుని తప్పు చోట పాలు పోసి, ఆ పెద్దమ్మకి దూరంగానే ఉండిపోతుంది. అసలు నేను అనుకున్నదైనా నిజమేనా? అరటిపళ్ళను నమ్మి ఒక నిర్ణయానికి వచ్చేయచ్చా? రాత్రికి బాబాయికి మెసేజి పెట్టాను: చివరి వరుస అంటే అప్పటి చివరి వరుసేనా? ఆయన చదివినట్టు ఫోన్‌లో నీలం టిక్కులు వచ్చాయి. చాలాసేపటికి జవాబు వచ్చింది: అమ్మని తీసుకెళ్ళే రోజు చెప్పు, నేనూ వస్తాను.

నేను అమ్మకి ఏమీ చెప్పలేదు. ధైర్యం చాలలేదు.

వెళ్ళింది ఒక ఆదివారం పొద్దున. బాబాయి భీమవరం నుంచి కారులో వచ్చాడు. యానాం రేవులో ఇంజను పడవ మాట్లాడాను. అమ్మ కొత్త చీర కట్టుకుంది. పాలు నీళ్ళ సీసాలో పోసుకుని, అది ఎవరి చేతికీ ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాబాయి సరిహద్దు రాయి ఊసెత్తలేదు. అసలు నోరే విప్పలేదు. అది చూసి నాకు భయం వేసింది.

పడవ నడి ఏట్లోకి వచ్చాక పడవబ్బాయి ఇంజను తగ్గించాడు.

"ఎక్కడాపమంటారండీ?"

"లంక దగ్గర" అంది అమ్మ.

"ఏ లంకండీ? ఇక్కడ లంకల్లేవండి. దిగువన తిప్పుందండి, అదాండీ?"

"అది కాదు. ఇంకా ఇటు. ఆ యానాం చర్చి గోపురం ఎడమచేతికి రావాలి."

"గోపురమెప్పుడో దాటేశామండమ్మగారూ."

అమ్మకి గోపురం కనిపించలేదు. కళ్ళు చికిలించి ఒడ్డంతా వెతికింది. అవతలి కొబ్బరిచెట్ల మధ్య సెల్ టవర్ ఉంది, దాన్ని చూసి ఇదా అంది. బాబాయి అవునన్నాడు. కాదని నేననబోయి ఊరుకున్నాను. పడవబ్బాయి కొంచెం ఎగువకి, మళ్ళీ కొంచెం దిగువకి తిప్పాడు. ఏ నీళ్ళు మావో ఎవరికీ తెలియలేదు. నాకయితే ఎటు చూసినా ఒకేలా ఉంది. చివరికి అమ్మ చెయ్యెత్తింది.

"ఇక్కడే ఆపవయ్యా. ఇది మన ఇల్లనుకుంటే, మన వెనకింటిదాని ఇల్లు ఇంకాస్త పాయ వైపు రావాలి. చిన్నోడా, నువ్వు చెప్పు. నువ్వేగా మీ అన్నయ్యతో వెళ్ళింది. దాని పెరడు ఎటు?"

బాబాయి తల వంచుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూశాను. ముసలాయన అలా ఏడవడం నేను నాన్న పోయినప్పుడు కూడా చూడలేదు.

"ఆవిడ పెరట్లో కాదు వదినా."

"మరి?"

"మన ఇంట్లోనే."

ఇంజను ఆగిపోయి ఉంది. పడవ మెల్లగా కొట్టుకుపోతోంది. బాబాయి కండువాతో మొహం తుడుచుకుని చెప్పాడు. మా వరుస లేచినప్పుడు వాటాలకి గుంజలు పాతారు. మా వాటా ఎక్కడ పడిందో చూసి నాన్న నిలువునా నీరయిపోయాడు. పెద్దలకి చెబితే ఆ చోటు వదిలేసేవారు, కానీ నాన్న చెప్పలేదు.

"వదిలేసిన చోట ఊరంతా పెంట పోస్తారు, గేదెల్ని కడతారు అన్నాడు. 'నా ఇంట్లోనే ఉండనీరా, నా పిల్లేగా' అన్నాడు. నాచేత ఒట్టేయించుకున్నాడు వదినా, నీకు చెప్పనని. అక్కడ గుంజ దిగనివ్వలేదు, పొయ్యి పెట్టనివ్వలేదు. దానిమీద మంచం వేశాడు. మీ మంచం."

నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. కళ్ళు తిరిగి పడిపోతుందేమోనని, ఈ వయసులో ఇది వినిపించాల్సింది కాదని, బాబాయిని తీసుకురాకుండా ఉండాల్సిందని ఏవేవో అనుకుంటున్నాను. తీరా అమ్మకి వచ్చింది కోపం.

"మంచం మీద వాన కారేది. ఆ పక్కకి జరపండి మొర్రో అంటే వినేవాడు కాదు. నడివానలో కప్పెక్కి తాటాకులు సర్దేవాడు గానీ, మంచం మాత్రం జరపనిచ్చేవాడు కాదు. మొండిమనిషి అనుకున్నాను. ఎంత తిట్టానో. ఒక్క మాట చెబితే ఏం పోయేది మీ అన్నయ్యకి?"

"నువ్వు ఆ ఇంట్లో ఉండవని భయపడ్డాడు."

"ఉండకేం? ఇంకెక్కడికి వెళ్తాను?" అంది. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "పాపం దాని గడప తొక్కలేదు నేను. దాని బిడ్డ పెళ్ళిక్కూడా వెళ్ళలేదు. అదేమనుకుందో ఏంటో" అంది. ఎవరి గురించో మా ఇద్దరికీ తెలుసు.

పడవబ్బాయి మావైపు చూడకుండా అవతలికి తిరిగి కూర్చున్నాడు. అమ్మ సీసా మూత మీద చెయ్యి వేసింది, తీయలేదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు వేళ్ళు కదిలాయి.

"చిన్నోడా, నిజం చెప్పు. ఏ పక్క?"

"ఏ పక్కేంటి వదినా?"

"మంచానికి. తలవైపా, కాళ్ళవైపా?"

బాబాయి నావంక చూశాడు. ఒక్క క్షణమే. ఆయనకి తెలుసో తెలియదో నాకు ఆ చూపులో అర్థం కాలేదు, ఇప్పటికీ అర్థం కాదు. ఆ మంచం ఎటు తల పెట్టి వేసి ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని నేను చాలాసార్లు ప్రయత్నించాను. ఒకసారి తడిక వైపు అనిపిస్తుంది, ఒకసారి గుమ్మం వైపు.

"తలవైపే వదినా" అన్నాడు.

అమ్మ తల ఊపింది.

"నయం. పిల్లమీద కాళ్ళు పెట్టలేదన్నమాట" అని, మూత బిగుసుకుపోయిందని సీసా నా చేతికిచ్చింది.